జిగురు పెట్టకూడని చోట

కంట్లో చుక్కలు వేసి పది నిమిషాలైనా కాలేదు, గోడ గడియారం ముళ్లు అప్పుడే పలచబడిపోయాయి. పదకొండు దాటిందని హెడ్లీకి తెలుసు, ఎంత దాటిందో తెలియదు. "గంటసేపు అలా కూర్చో బంగారం, కంటిపాప బాగా విచ్చుకోవాలి, అప్పుడే డాక్టరుగారు లోపలికి చూడగలరు," అని చెప్పిపోయింది నర్సు, తన వయసులో మూడో వంతు ఉంటుందేమో, అయినా తనని బంగారం అంటోంది. లోపలికి చూడటం అన్న మాట చెవిలో ఉండగానే కోటు జేబులో ఫోను మోగింది. మేవిస్. పెళ్లయి యాభై రెండేళ్లైనా ఫోనులో అరుస్తూనే మాట్లాడుతుంది. "అయిందా? ఇంకా లేదా? విను, ఇక్కడ నార్మన్ వచ్చాడు. శనివారం దాకా ఆగలేడట. నీ బొమ్మ ఇంజను వంటింటి బల్ల మీద పెట్టుకు కూర్చున్నాడు. బాయిలరు విప్పి, ఆ వైరేదో లోపలికి ఎక్కించి, నువ్వొచ్చేసరికి పొగ వదిలించి చూపిస్తాడట. నీతో చెప్పొద్దన్నాడు. నా కడుపులో మాట ఆగదు కదా, చెప్పేశా. తెలియనట్టే ఉండు, సరేనా?" సరే అన్నాడు హెడ్లీ. వద్దు అనాల్సిన చోట సరే అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. ఎదురుగా గోడకి కన్ను బొమ్మ ఉంది, మనిషంత ఎత్తు బొమ్మ, లోపలి పొరలన్నిటికీ పేర్లు రాసి ఉన్నాయి. వచ్చినప్పుడు ఆ పేర్లు చదవగలిగాడు, ఇప్పుడు అవన్నీ చీమల బారులైపోయాయి.

నాలుగు మరలు. నార్మన్ నాలుగు మరలే అనుకుంటున్నాడు. నూట పద్దెనిమిదో సంచికతో పాటు ఈ వారం ఆ పసుపు చీటీ వచ్చింది, తప్పు సవరణ అని పైన రాసి. వారం వారం వచ్చే పత్రిక, దాంతో ఒక అట్టముక్కకి అతికించి నాలుగైదు ఇంజను భాగాలు, ఒక వారం చక్రం, ఒక వారం గొట్టం, ఒక వారం ఏమీ తోచక పంపినట్టు పన్నెండు మేకులు. అలా నూట ముప్ఫై వారాలు కూడబెడితే గుమ్మం వెడల్పంత పొడవున్న ఎక్స్‌ప్రెస్ ఇంజను తయారవుతుంది. మధ్యలో ఆ పత్రికవాళ్లే ఏదో మర్చిపోతారు, తర్వాత చీటీ పంపుతారు. పొగగొట్టం కింద పొగ పుట్టించే పరికరానికి వైరు పెట్టాలి, కాబట్టి నలభై ఒకటో సంచికలో మీరు మూసిన బాయిలరును మళ్లీ విప్పండి, అడుగున నాలుగు మరలు తీస్తే రెండు సగాలూ విడివడతాయి, చింతించవలసింది లేదు. చింతించవలసింది లేదట. నలభై ఒకటో సంచికలో ఎర్ర అక్షరాలతో రాశారు, ఇక్కడ జిగురు పెట్టకండి, తర్వాత విప్పవలసి రావచ్చు అని. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన మాటే అది, రాబోయే వారం ఏం తెస్తుందో తెలియనప్పుడు దేన్నీ శాశ్వతంగా మూసెయ్యకూడదు. నార్మన్‌తో కూడా అదే చెప్పాడు తను. వాళ్లిద్దరిదీ ఒకటే ఇంజను, రెండు ఇళ్లలో. హెడ్లీ ముందు కడతాడు, నార్మన్ ఒక వారం వెనక కడతాడు. "గోతిలో ముందు నువ్వు పడరా, ఎంత లోతో చెప్పు, నేను చుట్టూ తిరిగొస్తా," అంటాడు నార్మన్. ప్రతి శనివారం పదింటికి వంటింటి బల్ల దగ్గర హెడ్లీ గోతుల లెక్క చెప్తాడు, నార్మన్ రాసుకుంటాడు. నలభై ఒకటో సంచికకి, మరలు మాత్రమే, జిగురు వద్దు, చాలా తేలిక, అని చెప్పాడు. నార్మన్ అలాగే రాసుకున్నాడు. ఆ ముందు రోజే, మేవిస్ తన అక్క ఇంటికి వెళ్లినప్పుడు, రెండు గొట్టాల జిగురు కలిపి బాయిలరు అంచు పొడుగునా అంగుళం వదలకుండా పూసి, బిగింపు కర్రలతో ఒక రాత్రంతా నొక్కిపెట్టాడు. లోపల ఒక కార్డు వేశాడు.

పక్క కుర్చీలో ఎవరో ఆడమనిషి వచ్చి కూర్చుంది. మొహం లేదు, ఎర్ర కోటు మాత్రం ఉంది. "మీకు కూడా చుక్కలేనా? నాకైతే ఇంటికెళ్లాక సాయంత్రం దాకా మా పిల్లి కూడా కనపడదండీ," అంది. అవునన్నాడు. ఎరుపు. రంగు మాత్రం కళ్లల్లోకి ఇంకా బాగానే దిగుతోంది. ఆ కడియం కూడా ఎరుపే. రిటైరైన రోజు రైల్వే సిగ్నల్ కేబిన్ కుర్రాళ్లు తళతళలాడే కొత్త రంగు వేయించి ఇచ్చారు, ముప్ఫై ఒక్క ఏళ్లు లీవర్లు లాగిన చేతికి మా గుర్తుగా అని. ఇనుప కడియం, లీవరు మెడకి తొడిగేది. లైను మీద మనుషులున్నారనుకో, ఆ లైను సిగ్నలు లీవరుకి దీన్ని తొడుగుతారు. మనసు మర్చిపోయినా చెయ్యి మర్చిపోనివ్వదు, లాగబోతే అడ్డం పడుతుంది. తొడగటానికి రెండు సెకన్లు. చప్పట్లు కొట్టారందరూ, కేకు కోశారు. తను దాన్ని పట్టుకుని నవ్వుతూ నిలబడ్డ ఫోటో కూడా ఉంది. ఇంటికి తెచ్చాక మేవిస్ వంటింటి తలుపు పక్క మేకుకి తగిలించి, దానిమీద కప్పులు తుడిచే గుడ్డ ఆరేస్తుంది. ఇన్నేళ్లుగా ప్రతి పూటా కప్పు తుడవాలంటే ఆ కడియాన్ని ముట్టుకోవాలి. ఒక్కసారైనా చెయ్యి వణక్కుండా ముట్టుకున్నానా అని ఇప్పుడు తనని తనే అడిగితే, ఏమో, కొన్నాళ్లకి వణకడం కూడా మానేసిందేమో, అదే అన్నిటికన్నా సిగ్గు. వేడి నీళ్ల గొట్టాల వల్ల గది వెచ్చగా ఉంది, హెడ్లీ కోటు విప్పలేదు.

నలభై ఏళ్ల కిందట ఆ రోజు కేబిన్లోనూ ఇంత వెచ్చగానే ఉంది. బయట పొగమంచు, కిటికీలకి తడి దుప్పటి కట్టినట్టు. ఆల్డ్‌బెక్ కేబిన్, ఇరవై నాలుగు లీవర్లు, బొగ్గు పొయ్యి, పొయ్యి మీద కెటిల్. మంగళవారం. కొత్త టీ పొట్లం విప్పాడు. అప్పట్లో టీ పొట్లాల్లో పిట్టల బొమ్మల కార్డులు వచ్చేవి, యాభై కార్డులు, అతికించుకోవడానికి ఆల్బం. నలభై తొమ్మిది దొరికాయి తనకి, ఇరవైమూడో నంబరు తీతువు ఒక్కటే రావట్లేదు, ఎనిమిది నెలలుగా రావట్లేదు. పొట్లంలో వేలు పెట్టి లాగితే తీతువు. నెత్తిన జుట్టు నిక్కబొడుచుకుని, పచ్చటి మెరుపు వీపుతో. పెద్దగా నవ్వాడు ఒక్కడూ. ముప్ఫై నాలుగేళ్ల మగవాడు, సిగ్గు లేకుండా. అప్పుడే ఫోను మోగింది. లైను పక్క స్తంభం దగ్గర ఫోను. "హెడ్లీ, లెన్‌ని. వంతెన దగ్గర డౌన్ లైన్లోకి దిగుతున్నాం, ఇరవై నిమిషాలు. ఈ మంచులో నా ముక్కు నాకే కనపడట్లేదు, కాస్త చూసుకో. టీ పెట్టి ఉంచు, పైకొస్తా." లెన్ ప్రౌడ్. ఆ గ్యాంగుకి కాపలా వాడు, బండి వస్తే బూర ఊది మిగతావాళ్లని పక్కకి తప్పించేవాడు. చేతిలో కార్డు ఉంది, పెన్సిల్ ఉంది, కార్డు వెనకే రాసుకున్నాడు, రిజిస్టర్లోకి తర్వాత ఎక్కించవచ్చులే అని. పది నలభై రెండు. లెన్. డౌన్ లైన్, వంతెన. ఇరవై నిమిషాలు. టీ. రాశాక కార్డు తిప్పి మళ్లీ పిట్టని చూశాడు. కడియం మేకుకి ఉంది. లేచి తీసి తొడగాలి. ఆల్బం ఇంట్లో ఏ సొరుగులో ఉందో గుర్తు తెచ్చుకుంటున్నాడు, ఇంటికెళ్లగానే అతికించి మేవిస్‌కి చూపించాలి. పక్క కేబిన్ నుంచి గంట నాలుగుసార్లు మోగింది. ఎక్స్‌ప్రెస్ వస్తోంది, దారిస్తావా అని. చెయ్యి దానంతటదే వెళ్లి గంట తిరిగి కొట్టింది, చెయ్యి దానంతటదే వెళ్లి లీవరు లాగింది, మెడలో ఏ అడ్డూ లేని లీవరు, వెన్నలా వచ్చేసింది. కెటిల్ మరగడం మొదలెట్టింది. రెండు కప్పులు తీసి పెట్టాడు.

గంట ఆరుసార్లు వరసగా కొడితే ప్రమాదం, అన్నీ ఆపు అని అర్థం. కొట్టాడు. డ్రైవరు మంచులోంచి పరిగెత్తుకొచ్చి మెట్ల కింద నిలబడి, మనిషిని కొట్టాను, మనిషిని కొట్టాను, అని అరిచాక కొట్టాడు. లెన్ ముగ్గుర్ని పక్కకి తోసేశాడట, నాలుగోవాడైన లెన్ మాత్రం బండి కింద పోయాడు. కుర్చీ చేతి మీద హెడ్లీ వేలు ఆరుసార్లు కొట్టింది, ఎర్ర కోటావిడ ఇటు తిరిగిందనుకుంటా, వేలు ముడిచేసుకున్నాడు. విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు, మధ్యాయన మెత్తటివాడు. "లైన్లోకి దిగుతున్నామని మీకు ఫోను వచ్చిందా?" రిజిస్టరు ఆయన ముందే తెరిచి ఉంది, పది నలభై రెండు దగ్గర ఏమీ లేదు. "రాలేదండీ." అంతే, ఒక్క మాట. గ్యాంగువాళ్లు, లెన్ స్తంభం దాకా వెళ్లొచ్చి చెప్పేశాను అన్నాడండీ, అన్నారు. అన్నాడు సరే, ఎవరైనా విన్నారా ఫోనులో మాట్లాడటం? మంచులో ఎవరికి కనపడుతుంది, ఎవరికి వినపడుతుంది. చలికి బద్ధకించి ఫోను చెయ్యకుండా వచ్చేశాడు, తోటివాళ్లకి అబద్ధం చెప్పాడు, తన ప్రాణం మీదికి తనే తెచ్చుకున్నాడు అని రాశారు. కార్డు అప్పుడు తన చొక్కా జేబులో ఉంది. తర్వాత పర్సులో, తర్వాత పటం వెనక, తర్వాత బీరువాలో బూట్ల పెట్టెలో. ఒకసారి కేబిన్ పొయ్యి తలుపు తెరిచి మంట మీదికి చాచాడు కూడా. వెయ్యలేకపోయాడు. అది కాలిపోతే లెన్ ఫోను చేశాడనే మాట ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. చెప్పే ధైర్యమూ లేదు, చెరిపే ధైర్యమూ లేదు. దాచేవాడిని దొంగ అంటారు, ఇంకో పేరేమైనా ఉందా అని నలభై ఏళ్లు వెతికాడు.

నార్మన్ లెన్ తమ్ముడు. ఆ సంగతి తెలియక స్నేహం చేశాడని చెప్పుకోవడానికి కూడా లేదు, తెలిసే చేశాడు. పత్రికల కొట్లో మొదటి సంచిక కట్ట మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. నార్మన్ నవ్వి, "నువ్వు కేబిన్ హెడ్లీవి కదూ, మా లెన్ గాడు నీ టీ గురించి చెప్పేవాడు," అన్నాడు. ఆ మాట విన్న మనిషి అక్కడే కట్ట వదిలేసి ఇంటికి పోవాలి. తను శనివారం పదింటికి రమ్మన్నాడు. ఎందుకు రమ్మన్నాడు? వాడి పక్కన కూర్చుని చక్రాలు బిగిస్తూ ఉంటే ఏదో కొద్దికొద్దిగా తీరిపోతుందనుకున్నాడా, వారానికి నాలుగు ముక్కల చొప్పున? మేవిస్ అంటుంది, మీరిద్దరూ మొగుడూ పెళ్లాల కంటే ఎక్కువ పోట్లాడుకుంటారు, అని. నార్మన్ బూట్ల మడమకి మట్టి ఉంటే మేవిస్ తిడుతుంది, తిట్టించుకోవడానికే వాడు తుడవడు. భార్య పోయాక వాడికి ఈ ఇల్లే ఇల్లు. వాడు లెన్ గురించి మాట్లాడితే నవ్వుతూ మాట్లాడుతాడు, అదే భరించలేనిది. "మా లెన్ గాడికి ఫోను తిప్పే ఓపికెక్కడిది? అమ్మ పిలిస్తే రెండో కేక దాకా పలికేవాడు కాదు." ఇంజను మొదలెట్టిన మరుసటి ఏడు స్టేషన్లో ఇత్తడి ఫలకం పెట్టాలన్నారు, పనిలో పోయినవాళ్ల పేర్లతో. కమిటీలో నార్మన్ ఉన్నాడు, తనూ ఉన్నాడు. పన్నెండో పేరు దగ్గర అందరూ నార్మన్ వైపు చూసి ఆగారు. "వద్దులెండి," అన్నాడు నార్మన్, "మిగతా పదకొండు మందీ ఎవరి తప్పుకీ పోలేదు. మావాడు ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చాడు. వాళ్ల మధ్య వాడి పేరుంటే ఆ కుటుంబాలకి బాగోదు." ఎంత నిజాయితీపరుడు అని అందరూ తలలూపారు. తను బిస్కట్టు తింటున్నాడు. ఆ బిస్కట్టు ఏదో ఇప్పటికీ చెప్పగలడు, అల్లం బిస్కట్టు, మెత్తబడిపోయింది. ఇప్పటికీ ఆ ఫలకం మీద పదకొండు పేర్లే ఉన్నాయి, అడుగున ఒక పేరు పట్టేంత ఖాళీ ఉంది.

ఫోను చెయ్యాలి. ఇంకా మించిపోలేదు. అంకెలు కనపడవు, కానీ పాత ఫోను, బొత్తాం నొక్కిపెడితే ఇంటికే వెళ్తుంది. మోగింది, మోగింది. "ఎవరూ?" నార్మనే తీశాడు.

"నార్మన్, దాన్ని వదిలెయ్‌రా. నేనొచ్చి చూసుకుంటా."

"చూశావా, మేవిస్ చెప్పేసింది! నోట్లో నువ్వు గింజ నానదు ఈవిడకి. నువ్వొచ్చి ఏం చూస్తావురా, ఈ పూట నీకు ఏనుగు ఎదురొచ్చినా దండం పెట్టి పక్కకి తప్పుకోమంటావు. ఒరే, మరలు నాలుగూ వచ్చేశాయి, ఇది మాత్రం ఊడట్లేదు. జిగురెందుకు పెట్టావురా? నాకేమో వద్దని మరీ మరీ చెప్పావు!"

"మర్చిపోయా."

"నువ్వు మర్చిపోయావా?" నార్మన్ పగలబడి నవ్వాడు. "నీ అంత జాగ్రత్త గల మనిషి ఈ జిల్లాలో లేడని చెప్తా నేను అందరికీ. సరేలే, మేవిస్ జుట్టు ఆరబెట్టుకునే మెషిను తెచ్చింది, వేడిగాలి కొడుతున్నాం. మెత్తబడుతోంది. ఒరే, లోపలేదో కదులుతోంది. ఊపితే సరసరమంటోంది. ఏం వదిలేశావు?"

అప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పు. నార్మన్, అది మీ అన్న, అని చెప్పు. కార్డు వాడి చేతికి దొరికే లోపు నీ నోట వింటే అది ఒకటి, వాడంతట వాడు చదివితే అది ఇంకొకటి, ఈ తేడా నీకు తెలుసు, నలభై ఏళ్లుగా తెలుసు. నాలిక కదిలింది. "అట్టముక్క ఏదో పడిపోయుంటుంది," అన్నాడు హెడ్లీ. "పారెయ్. చూడకుండా పారెయ్."

"చూడకుండా ఎందుకు పారేస్తా, పనికొచ్చేదేమో," అన్నాడు నార్మన్, మామూలుగానే అన్నాడు. "మేవిస్ నీకోసం బయల్దేరుతోందిరా, నువ్వొక్కడివీ బస్సెక్కితే స్కాట్లాండ్‌లో దిగుతావని భయం. ఈ మిగిలింది నేను చూసుకుంటా."

ఫోను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. వెలుతురు అంతా ముద్దకట్టేసింది, తలుపు ఎక్కడో కిటికీ ఎక్కడో తెలియట్లేదు, మనుషులు బూడిదరంగు నిలువులు. ఇప్పుడు వాడు ఒక్కడే ఉన్నాడు బల్ల దగ్గర. వేడిగాలి చప్పుడు. వాడి చేతులు తనకి తెలుసు, వంతెనల కర్మాగారంలో పనిచేసిన చేతులు, లావాటి వేళ్లు, అయినా సూది మొనంత మరని నలగకుండా తీస్తాయి. తొందరపడడు. అంచు పొడుగునా పల్చటి కత్తి జరుపుతూ, బుజ్జగిస్తూ, రా తల్లీ రా, అంటాడు లోహంతో. ఏదో ఒక చోట టక్కుమంటుంది. కార్డు బోర్లా పడుతుందా, వెల్లకిలా పడుతుందా? పిట్ట వైపు పడితే పిట్ట అనుకుని పక్కన పెడతాడేమో. టీ కార్డు, పాతకాలందని ముచ్చటపడతాడేమో. తిప్పకపోవచ్చు. తిప్పకుండా ఎవరుంటారు? ప్రతి మనిషీ కార్డుని తిప్పి చూస్తాడు, చిన్నప్పటి నుంచి అలవాటు, వెనక పిట్ట గురించి రాసి ఉంటుంది కదా, ఎక్కడ గూడు కడుతుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది, దానిమీద అడ్డంగా తన పెన్సిల్ రాత. చెరిగిపోయి ఉండొచ్చు. పెన్సిల్ చెరగదు. బాయిలర్లో పెట్టే ముందు తనే కిటికీ దగ్గర వెలుతురులో చూశాడు, నిన్న రాసినట్టుంది. "హెడ్లీ గారూ, రండి బంగారం, మీ వంతు," అంది నర్సు, మోచెయ్యి పట్టుకుని నడిపించింది. గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఇక్కడ ఆనించండి. డాక్టరు ముసలాయన, గొంతు మెత్తన. వెలుగు లోపలికి దూసుకొచ్చింది, తెల్లగా, కత్తిలా కాదు, నీళ్లలా, తల వెనక గోడ దాకా నిండిపోయింది. "రెప్ప వెయ్యకండి. నేరుగా చూడండి. ఇంకా నేరుగా." నేరుగా చూడటం తన వల్ల కాలేదు, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అందరికీ కారతాయి, చుక్కల వల్ల, అన్నాడు డాక్టరు. ఎడమ కంట్లో పొర ముదిరిందట, తియ్యాలట.

మేవిస్ వచ్చింది. ఆమె కోటు మీద తడి ఉన్ని వాసన, చేతికి వంటింటి సబ్బు వాసన. చెయ్యి పట్టుకుంది, గట్టిగా, రోడ్డు దాటించింది, బస్సెక్కించింది, పై మెట్టు ఇక్కడ, పట్టు, ఇప్పుడు కూర్చో, అని. చిన్నపిల్లాడిలా చూస్తోందని కోపం రాలేదు, ఆ చెయ్యి వదలకుండా ఉంటే చాలనిపించింది. "నార్మన్ దాదాపు ఊడదీసేశాడు నేనొచ్చేసరికి," అంటోంది, "ఆ జిగురు వాసనకి నాకు తల తిరిగిపోయింది. నువ్వేమయ్యా, అంత జిగురు పూస్తారా ఎవరైనా? ఏం, రాణిగారి నగలు దాచావా అన్నాడు వాడు. నేనన్నా, ఆయన దగ్గర నగలెక్కడివి, పిట్టల బొమ్మలు తప్ప, అదీ ఒకటి తక్కువ, అని." నవ్వింది. ఆ ఆల్బం మేవిస్‌కి ఇష్టం. ఇల్లు దులిపినప్పుడల్లా తీసి చూస్తుంది, ఇరవైమూడు దగ్గర ఖాళీ గడి మీద వేలు పెట్టి అయ్యో అంటుంది. ఒక ఏడు హెడ్లీ పుట్టినరోజుకని టీ కంపెనీకి ఉత్తరం రాసింది, మా ఆయన ఎనిమిది నెలలు ఎదురుచూశాడు, ఒక్క తీతువు ఉంటే పంపండి, అని. అయిపోయాయని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసింది తనే, తన చేత్తోనే, చొక్కా జేబులో తీతువు పెట్టుకుని. "ఏంటలా బిగుసుకుపోయావు? కన్ను తీసేస్తామన్నారా ఏంటి?" అంది మేవిస్. పొర తీస్తారట అన్నాడు. "ఓస్, అంతేనా. తీయించుకుంటే అన్నీ తేటగా కనపడతాయి. మా అక్క తీయించుకుని ఇంటికొచ్చి, ఇంత దుమ్ములో బతుకుతున్నానా ఇన్నాళ్లూ, అని ఏడ్చింది." బస్సు స్టేషను ముందు నుంచి పోతోంది, మలుపు బట్టి తెలిసింది. ఫలకం లోపల గోడకి ఉంటుంది, ఎడం వైపు. హెడ్లీ అటు తిరగలేదు.

తలుపు తాళం వేసి లేదు, చేరవేసి ఉంది. లోపల వేడెక్కిన జిగురు వాసన, దానికింద సన్నగా నూనె పొగ వాసన. "నార్మన్! ఇదిగో నీ గుడ్డివాణ్ణి తెచ్చా," అని మేవిస్ వంటింట్లోకి నడిచింది, ఆగింది. "ఏడీ ఈ మనిషి? వెళ్లిపోయాడా? కోటు లేదు." అటూ ఇటూ తిరిగిన చప్పుడు. "కప్పు కడిగి బోర్లించి వెళ్లాడు. నా ఇంట్లో ఈ రెండేళ్లలో ఒక్కనాడు కడిగినవాడు కాడు. మనసు బాలేదేమో." హెడ్లీ గోడ పట్టుకుని వచ్చాడు. తలుపు పక్క మేకు. గుడ్డ ఉంది, మడిచి తగిలించి ఉంది. గుడ్డ కింద ఏమీ లేదు. మేకు తల వేలికి తగిలింది. బల్ల అంచు పట్టుకున్నాడు, చెయ్యి జరిపాడు, ఇంజను చక్రాలు, వాటిమీద బాయిలరు ఇంకా వెచ్చగా ఉంది, మూసేసి ఉంది, అంచు పొడుగునా జిగురంతా గీకేసి నున్నగా చేశాడు, అడుగున మరలు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, బిగించి. పని పూర్తిచేసే వెళ్లాడు. పొగ వచ్చేట్టు చేసే వెళ్లాడు. వాడు అలాంటివాడు. చెయ్యి ఇంకొంచెం జరిపితే చల్లటి ఇనుము. గుండ్రంగా, బరువుగా, బల్ల మధ్యలో.

"ఈ కడియం ఇక్కడెందుకు పెట్టాడు?" అంది మేవిస్. "దీని కింద ఏదో... హెడ్లీ!" ఆమె గొంతు ఒక్కసారిగా ఇరవై ఏళ్లదైపోయింది. "హెడ్లీ, నీ తీతువు! ఇరవైమూడో నంబరు! ఎక్కడ సంపాదించాడయ్యా ఇది? అందుకా వాడు శనివారం దాకా ఆగలేనన్నది! చూడు, అసలు మాసిపోనైనా లేదు. ఉండు, ఆల్బం తెస్తా." రెండడుగులు వేసింది. అంత సంతోషం ఆ గొంతులో విని ఎన్నాళ్లైందో. అబద్ధం దానంతటదే నోటిదాకా వచ్చింది, లీవరులాగే, వెన్నలా. ఏదో పాత సామాన్ల సంతలో వాడికి దొరికిందట, నిన్నే నాతో చెప్పాడు, ఇటివ్వు, నేను అతికిస్తా. అతికిస్తే వెనక వైపు ఇక ఎవరూ చూడరు. ఈసారి జిగురు పెట్టాల్సిన చోటే అది. మేవిస్ అడుగులు ఆగాయి. "వెనక ఏదో రాసుంది. పెన్సిల్‌తో. నా కళ్లజోడు ఏదీ..."

"కళ్లజోడు పెట్టుకుని చదువు," అన్నాడు హెడ్లీ. "పైకి చదువు."

సొరుగు తెరిచిన చప్పుడు, కళ్లజోడు డబ్బా చప్పుడు. "పది నలభై రెండు," అంది మేవిస్. "లెన్. డౌన్ లైన్, వంతెన. ఇరవై నిమిషాలు." అక్షరాల కింద ఆమె గోరు జరిగిన చప్పుడు. "టీ." ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆమె మళ్లీ చదివింది, ఈసారి లోపల్లోపల, పెదాల కదలిక వినపడింది. "ఇది నీ రాత."

"నాదే."

"లెన్ ఫోను చెయ్యలేదన్నావు. అందరి ముందూ అన్నావు. నాతోనూ అన్నావు. లెన్ భార్య ఐవీ మన గుమ్మంలోకి వచ్చి కాళ్ల మీద పడినట్టు అడిగింది, మా ఆయన నిజంగా ఫోను చెయ్యలేదా హెడ్లీ, అని. నేను పక్కనే ఉన్నా."

"చేశాడు," అన్నాడు హెడ్లీ.

ఇన్నేళ్లు మోసిన మాట అది, పలికితే ఇల్లు కూలుతుందనుకున్నాడు, ఏమీ కాలేదు, ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. కోటు ఒంటిమీదే ఉంది. బయల్దేరాలి. వీధి చివర మలుపు తిరిగి నాలుగో ఇల్లు, వాడు ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు, తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాడు తను, సాయంత్రం దాకా, చూపు వచ్చేదాకా. "నార్మన్ ఇంటికెళ్లాలి," అన్నాడు. "నాకు దారి కనపడదు. చెయ్యి పట్టుకో మేవిస్." కిటికీ వైపు నుంచి తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేని చోటికి చెయ్యి చాచాడు. కుర్చీ లాగిన చప్పుడైంది. ఆమె కూర్చుంది. కార్డుని బల్ల మీద పెట్టింది, దానిమీద కడియాన్ని మళ్లీ నార్మన్ పెట్టినట్టే పెట్టింది. హెడ్లీ ఇంకొంచెం ముందుకి చాచాడు. ఎవరూ పట్టుకోలేదు.